బెల్లం ఎక్కువైన గచ్చు

మా పేటలో ప్రార్థన గుడికి తాటాకు పీకేసి గచ్చు కప్పు వేసిన ఏడు నాకు పద్దెనిమిదేళ్ళు. రాజమండ్రిలో మిషన్ వారి ఆడపిల్లల బడిలో చదువు ముగించుకుని, సొంత ఊళ్ళోనే పిల్లలకు అక్షరాలు దిద్దించే పని పుచ్చుకుని అప్పుడే వచ్చాను. నాలుగు ముక్కలు ఎక్కువ చదివానన్న పొగరు ఒంటినిండా ఉండేది. ఇప్పటికీ తగ్గలేదని మావాళ్ళంటారు. అననివ్వండి, ఈ వయసులో తగ్గి ఎవరికి ఉపకారం?

ఆ గుడే నా బడి కూడా. పగలు పిల్లలు, ఆదివారం పెద్దలు. వానాకాలం వచ్చిందంటే తాటాకు సందుల్లోంచి నీళ్ళు కారి, పిల్లలు పలకల మీద రాసింది రాసినట్టే చెరిగిపోయేది. ఏటేటా కొత్త ఆకు కప్పుకోవడం, రెండో వానకే మళ్ళీ కారడం. ఈ తంటా చూడలేక మిషన్ దొరగారు ఇటుకలూ, గుల్లసున్నం, తాటి దూలాలూ పడవ మీద పంపిస్తానన్నారు. ఒళ్ళు వంచడం మాత్రం మా వంతు. పేటలో ముప్పై గడపలుండేవి. కోతలు, నూర్పులు అయిపోయి చేతులు ఖాళీగా ఉన్న మాఘమాసం కాబట్టి ఎవరూ కాదనలేదు.

పెనుగొండ దారిలో కాలువ ఒడ్డునున్న ఒక ఊరినుంచి మేస్త్రీగారు వచ్చారు. బక్కపలచని మనిషి, యాభై దాటాయేమో, నుదుట విభూతి. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నంత పొదుపు. నేను ఊరుకునే రకం కాదుగా, బడి వదలగానే పోయి సున్నం గానుగ దగ్గర నిలబడి అదేంటి, ఇదేంటి అని ప్రాణం తీసేదాన్ని. చదువుకున్న పిల్లనని మర్యాదో, అడిగేవాళ్ళు దొరికారన్న సంతోషమో, నాకు మాత్రం విసుక్కోకుండా చెప్పేవారు.

ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా గుర్తున్నది ఇది. ఆరుబయట వేసే గచ్చు ఎండకు గట్టిపడుతుందని అందరూ అనుకుంటారట. ఎండ చేసేదల్లా పైపొరను బిగించడమే. పైన గోరు దిగదు, లోపల పచ్చి పచ్చిగానే ఉంటుంది. సున్నానికి కావలసింది గాలి, అది కూడా లోపలిదాకా, నెమ్మదిగా. మందంగా వేసినా ఆలస్యమే, మంచు పడినా, తూర్పుగాలి తేమ మోసుకొచ్చినా ఆలస్యమే. అందుకని పైన తడిగడ్డి కప్పి, తొందర పడకుండా ఉండాలి. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి కొడితే సున్నం జిగటపట్టి నీటిని ఆపుతుంది. అయితే బెల్లానికి ఒక లెక్కుంది. అది దాటితే సున్నం నిద్రపోతుంది, ఎప్పుడు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే రోజుకొక బాన నీళ్ళకు ఒకే ఒక్క బెల్లం దిమ్మ, అది కూడా ఆయన చేత్తోనే వేసేవారు.

ఇంకో సంగతి కూడా నాకే చెప్పారు. ఆయన బతుకంతా నూతి గట్లూ, వంటింటి గచ్చులూ, పశువుల కుడితి తొట్లూ కట్టడంతోనే గడిచింది. పాలకొల్లులో ఒక శెట్టిగారు దుకాణం మీద డాబా వేయించబోతున్నారు. ముందు ఆ పేటలో గుడి కప్పు వెయ్యి, అది బాగుంటే నాది నీకే అన్నారట. "ఒక్క డాబా నా చేత్తో పడాలమ్మా, మా ఊళ్ళో అందరూ నన్ను తొట్ల మేస్త్రీ అంటారు" అన్నారాయన. అంటూనే నవ్వారు గానీ, ఆ నవ్వు నాకు మరీ అంత నవ్వులా అనిపించలేదు.

గోడల మీద దూలాలు ఎత్తి, ఇటుకలు పరిచి, సున్నం కలిపిన ఇటుక ముక్కలు పోశాక ఆడవాళ్ళ పని మొదలైంది. ఆహా, ఆ పది రోజులూ! ఇరవై మంది ఆడవాళ్ళం కప్పు మీద రెండు వరసలుగా ఎదురెదురుగా గొంతుక్కూచుని, చేతుల్లో కొయ్య దిమ్మిసలు పట్టుకుని దబదబా కొట్టేవాళ్ళం. ఒక వరస ముందుకు జరిగితే ఎదుటి వరస వెనక్కి. మధ్యమధ్య బానలో నీళ్ళు చిలకరించడం. నాట్ల పాటల బాణీలో దేవుడి మాటలు కలిపి పాడేవాళ్ళు, రెండు చరణాలు కాగానే దేవుడు పోయి బావలూ మరదళ్ళూ వచ్చేసేవాళ్ళు. గుడిలో ప్రార్థన చేయించే ఉపదేశిగారు కిందనుంచి గట్టిగా దగ్గేవారు. దగ్గు వినిపించగానే మళ్ళీ దేవుడు. మా అమ్మ మాత్రం ఎప్పుడూ పాడేది కాదు. నాన్న పోయినప్పటినుంచీ ఆమె గొంతు ఇంట్లో కూడా పెద్దగా వినిపించేది కాదు, కానీ ఆమె దిమ్మిస దెబ్బ ఒక్కటి కూడా తాళం తప్పేది కాదు. సాయంత్రం దిగేసరికి అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోవడానికి కూడా వచ్చేది కాదు. అయినా మర్నాడు ఎప్పుడు తెల్లారుతుందా అని ఉండేది నాకు. అంత ఆనందం తర్వాత మళ్ళీ ఎప్పుడూ కలగలేదు, పెళ్ళినాడు కూడా.

ఇక పాపం సంగతి. మా పేటలో ప్రతి ఇల్లాలూ అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి గుడి కోసం వేరే కుండలో వేసే అలవాటుంది. ఇది ఈనాటికీ ఉంది. కప్పు పని నడుస్తున్న ఆదివారం ఉపదేశిగారు ఆ బియ్యం సంగతే ఎత్తుకుని, ఇచ్చేవాళ్ళు దండోరా వేసుకోకూడదు, పక్కవాడికి తెలియకుండా ఇచ్చిందే దేవుడికి ముడుతుంది అని చెప్పారు. నా మనసులో అది గట్టిగా నాటుకుంది. రోజంతా దిమ్మిస పట్టుకోవడం సరే, అది అందరూ చేసేదే. నాదంటూ ఒకటి ఆ కప్పులో ఉండాలి. మర్నాడు ఎవరూ చూడకుండా కొంగులో తాటిబెల్లం ముద్ద ఒకటి, చిన్నదేం కాదు, తీసుకెళ్ళి బానలో జారవిడిచాను. మేస్త్రీగారు చెప్పిన లెక్క నాకు గుర్తు లేకపోలేదు. ఒక్క ముద్దకు ఏమవుతుందిలే అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, నాకు నేను సర్దిచెప్పుకోవడం బాగా వచ్చు.

పది రోజులూ కొట్టాక గడ్డి కప్పి తడుపుతూ ఉంచాం. మూడు వారాల్లో గట్టిపడుతుంది, ఆ మీదట గడ్డి తీసెయ్యండి అని చెప్పి మేస్త్రీగారు ఊరెళ్ళారు. మూడు వారాలకు వచ్చి చూస్తే గట్టిపడలేదు. నెల తిరిగినా గట్టిపడలేదు. పైన బిగుసుకున్నట్టే ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి దిగుతుంది. దానికి తోడు చీమలు. గోడ వెంబడి బారులు తీరి ఎక్కేవి. చీమల్ని చూసిన ప్రతిసారీ నేను మొహం తిప్పుకునేదాన్ని. మా సంఘపెద్దగారు, నిండు విగ్రహం, కప్పెక్కి అడుగేస్తే మడమ ముద్ర దిగబడింది. ఆయన ఆ ముద్రను చూసి, మేస్త్రీగారిని చూసి, సున్నంలో ఇసుక ఎంత కలిపావు, మంచి సున్నం ఎవరికి అమ్ముకున్నావు అని అందరి ముందూ అడిగారు.

మేస్త్రీగారు తల దించుకుని, నిదానంగా గట్టిపడుతుందండి, చలిమంచు ఎక్కువగా ఉందండి, ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. నా వైపు కూడా చూడలేదు. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. నా ఒక్క ముద్దవల్ల ఇంత కప్పు చెడుతుందా, చెడదు, ఇసుకే కలిపి ఉంటాడు అని మనసులో నేను కూడా ఆ మనిషి మీదే వేశాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చెంపలు వేసుకోవాలనిపిస్తోంది.

మా కాలువలో పడవవాళ్ళకు మూట మొయ్యడంకన్నా కబురు మొయ్యడమంటే ఇష్టం. పేటలో గుడి కప్పు పెరుగులా ఉందని వారం తిరక్కుండానే పాలకొల్లు చేరింది. శెట్టిగారు మేస్త్రీకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నారని పది రోజులకల్లా కబురు తిరిగొచ్చింది. సంఘపెద్దగారు అది విని, చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నారు.

ఆ పూట అమ్మ అన్నం తినలేదు. ఏంటమ్మా అంటే పలకదు. ఆఖరికి పొయ్యి దగ్గర కూచుని, తను బానలో బెల్లం వేశానని చెప్పింది. రెండు సార్లు. నాన్న పేరు మీద ఒకసారి, నా పేరు మీద ఒకసారి.

నాకు ఎంత కోపం వచ్చిందో! బుద్ధి ఉందా, లెక్క దాటితే సున్నం పాడవుతుందని తెలియదా, నన్నడగొచ్చు కదా అని ఎగిరిపడ్డాను. గురివింద గింజ తన నలుపెరగదంటారు, ఆ పూట నేను అచ్చంగా అదే. అమ్మ అంతా విని, తనకు లెక్క తెలియదనీ, తెలిసి ఉంటే వేసేది కాదనీ చెప్పి, ఆదివారం నిలబడి అందరికీ చెప్పేస్తానంది. వద్దని ఎంత బతిమాలానో. అమ్మ పరువు కోసమని చెప్పాను. నా భయం నాది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, అందరూ లేవబోతుంటే ఆడవాళ్ళ వైపునుంచి అమ్మ లేచి నిలబడింది. మా గుడిలో ఆడమనిషి లేచి మాట్లాడటం అదే మొదలు. "మేస్త్రీగారి తప్పు లేదండి. నేను బానలో బెల్లం వేశాను. దేవుడికని వేశాను. అందుకే ఆరట్లేదు" అంది.

తర్వాత మూలనున్న ముసలామె ఒకతె లేచి, నేనూ ఒక అచ్చు వేశానమ్మా అంది. ఆ వెనక మా పక్కింటి పిన్ని. ఆ తర్వాత కొత్తగా కాపురానికొచ్చిన ఇద్దరు కోడళ్ళు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా వేసినవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ లేచారు. అటు మగవాళ్ళలో కూడా కదలిక. ఉపదేశిగారి భార్య లేచేసరికి ఉపదేశిగారి మొహం చూడాలి మీరు. ఇరవై గడపలు పైగా తేలాయి. అందరికన్నా ఆఖర్న సంఘపెద్దగారు గొంతు సవరించుకుని, తమ ఇంట్లోంచి కూడా అరకుండ వెళ్ళిందని తనకు ఇప్పుడే తెలుస్తోందని అన్నారు. ఆయన భార్య పైట నోటికడ్డం పెట్టుకుంది. అప్పుడు, అంతమంది లేచాక, నేను కూడా లేచాను. అమ్మ నన్ను చూసింది. అరిచినా బాగుండేది.

మేస్త్రీగారిని వెళ్ళి పిలుచుకు రావాలని అందరూ ఒప్పుకున్నారు, వెళ్ళడానికి మాత్రం ఎవరికీ మొహం చెల్లలేదు. పైగా ఇంకో నాలుగు రోజుల్లో వేసవి మరమ్మతులకని కాలువ కట్టేస్తారు, పడవలుండవు. నేను వెళ్తానంది అమ్మ. నన్ను రమ్మనలేదు. నేనే వెంటపడి వెళ్ళాను.

మేస్త్రీగారు ఇంటిముందు పాత తొట్టి ఒకటి అతుకుతున్నారు. మమ్మల్ని చూసి లేచారు. అమ్మ వాకిట్లోనే నిలబడి, జరిగిందంతా చెప్పి, క్షమించండి మేస్త్రీగారూ అంది. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నారు. ఆశ్చర్యపోతారనో, కోప్పడతారనో నేను చూస్తున్నాను. ఆ రెండూ జరగలేదు.

"నాకు మూడోరోజే తెలుసమ్మా" అన్నారు. "కలిపిన సున్నం కొంచెం నాలిక మీద వేసుకుని చూస్తాం. చురుక్కుమనాలి. తియ్యగా తగిలింది."

పనిలో ఉన్నన్నాళ్ళూ మా కుండల్లో నీళ్ళు ముట్టని మనిషి. తన చెంబు తనే తెచ్చుకుని, తాగడానికి కాలువ దాకా నడిచేవారు. ఆ మనిషి మా ఇళ్ళ బెల్లం నాలిక మీద వేసుకున్నారు. నాకు అది అప్పుడు తట్టింది.

మరి పెద్దాయన అన్నన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదండీ అని అడిగింది అమ్మ.

"దేవుడికని వేసింది కదమ్మా. అది తప్పని నేను నలుగురిలో అంటే, ఊళ్ళవాళ్ళంతా మిమ్మల్ని చూసి నవ్వరూ? మళ్ళీ ఇంకొకళ్ళు దేవుడి కోసమని చెయ్యి చాపుతారా? తర్వాతి రోజుల్లో సున్నం వంతు పెంచాను. ఆలస్యమైనా గట్టిపడుతుంది. చెప్పిన గడువు దాటిందని నన్ను నాలుగు మాటలన్నారు, అంతే."

శెట్టిగారి డాబా సంగతి అమ్మ ఎత్తింది. ప్రాప్తం లేదమ్మా అని మళ్ళీ తొట్టి దగ్గర కూచున్నారు. శెట్టిగారి దగ్గరికి నేనెళ్ళి చెప్తానంది అమ్మ. ఆయన గబుక్కున తలెత్తి వద్దన్నారు. బజారు మనుషులు మంచివాళ్ళు కాదు, నవ్వులపాలవుతావు, ఇంతటితో వదిలెయ్యి అన్నారు. అమ్మ తలూపి సెలవు తీసుకుంది. సరే, ఇంటికే కదా అనుకున్నాను. పడవ పాలకొల్లు రేవులో ఆగగానే అమ్మ దిగిపోయింది.

శెట్టిగారి దుకాణం బజారు వీధి నడుమనుంది. సంతపూట కావడంతో జనం బాగా ఉన్నారు. మేం అరుగు ఎక్కే మనుషులం కాదు కాబట్టి వీధిలోనే నిలబడ్డాం. లోపల కూచున్న శెట్టిగారికి వినపడాలంటే గట్టిగా చెప్పాలి. అంటే వీధంతటికీ వినపడాలి. ఇంట్లో కూడా గొంతు పెంచని మా అమ్మ ఆ నడివీధిలో గొంతెత్తి, బెల్లం సంగతి మొదటినుంచీ చెప్పింది.

నవ్వారు. ఎందుకు నవ్వరు? దేవుడికి సున్నంతో పాకం పట్టారట్రా అని ఒకడు, పరమాన్నం కూడా పోయకపోయారా అని ఇంకొకడు. గుమాస్తాలు పద్దులు వదిలేసి బయటికొచ్చి నిలబడ్డారు. అమ్మ ఆగింది. నవ్వు అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడి, అయ్యాక మిగతాది చెప్పింది.

శెట్టిగారు నవ్వలేదు. లేచి అరుగు అంచుదాకా వచ్చారు. ఇది తెలిసి మేస్త్రీ ఎందుకు నోరు మూసుకున్నాడని అడిగారు.

"ఇదుగోనండి, ఇలా నవ్వుతారనేనండి" అంది అమ్మ. "మమ్మల్ని నవ్వుతారని ఆయన మాట పడ్డారు. మేం నవ్వించుకున్నాం, అయిపోయిందండి. ఆయన పని ఆయనకి ఇచ్చెయ్యండి."

శెట్టిగారు కండువా భుజం మార్చుకుని, రేపు అతన్ని వచ్చి కనపడమను అన్నారు. ఆ కబురు అటు వెళ్ళే పడవ మీద మేస్త్రీగారి ఊరికి పంపించాం. ఆ డాబా ఆయనే వేశారు. మా గుడి కప్పు కూడా రోహిణి కార్తె వడగాలుల్లో, ఆయన అన్నట్టే, నెమ్మదిగా బిగిసింది. తొలకరికి చుక్క కారలేదు.

కానీ ఆ సాయంత్రం అవేవీ మాకు తెలియవు. మా వైపు వెళ్ళే పడవ అప్పటికే వెళ్ళిపోయింది. కాలువ గట్టు పట్టుకుని ఇంటిదాకా నడిచాం. అమ్మ ముందు, నేను వెనక. ఆ వీధిలో కూడా అంతే, అమ్మ ముందు నిలబడితే నేను వెనక నిలబడ్డాను, అంతమంది నవ్వుతుంటే నేనూ వేశానండి అని ఒక్క మాట అనలేకపోయాను. లెక్క తెలిసి వేసింది ఆ ముప్పై గడపల్లోనూ నేనొక్కదాన్నే. ఆ మాట దారిలోనైనా అమ్మకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఊరి మొదట్లో దీపాలు కనిపించాక చెప్పాను. అమ్మ ఆగలేదు, వెనక్కి తిరగలేదు. ముద్ద సంగతి తనకు మొదటినుంచీ తెలుసనీ, తాటిబెల్లం కుండ రోజూ తెరిచేది తనేననీ, లెక్క సంగతి నేను ఎగిరిపడ్డ పూటే తెలిసిందనీ, కాళ్ళు నొప్పులుగా ఉన్నాయి, త్వరగా నడవమనీ అంది.